సేవకు వెళ్లిన చోట సంతోషం

సేవ కోసం ఇల్లు, దేశం విడిచి వెళ్లిన మనిషి అక్కడి రోజువారీ బతుకును ఆనందించవచ్చా అన్నది మతాలన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురైన ప్రశ్న. సంఘం తరఫున తుపాను తాకిన ఊరికో, బడి లేని దీవికో వెళ్లినవాళ్లు పగలంతా మట్టి మోస్తారు, మందులు పంచుతారు, పాఠాలు చెబుతారు. సాయంత్రమయ్యేసరికి సముద్రంలో ఈదుతారు, చేపల పులుసు కలుపుకుని కడుపునిండా తింటారు, పిల్లలతో బంతాట ఆడతారు. చందాలు పోగుచేసి పంపింది ఇందుకేనా అని ఇంటి దగ్గర కొందరికి అనిపిస్తుంది. వెళ్లినవాళ్లలోనే కొందరికి ఆ ముద్ద గొంతు దిగదు. ఇంత లేమి మధ్య తనకు ఇంత హాయిగా ఉండడమేమిటని మనసు గుచ్చుతుంది. ఆ గుచ్చుకోవడాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే ఆ సంతోషం ఎంత అని కొలిచినందువల్ల ప్రశ్న తెగదు. అది ఎవరితో కలిసి పంచుకున్నది, ఎవరి సమ్మతితో దొరికినది, ఎవరి ఖర్చుతో కలిగినది అని చూడాలి.

దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్ ఈ ప్రశ్నను బాగా పదునెక్కిస్తుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున, చాథం నుంచి ఫెర్రీలో బ్యాంబూ ఫ్లాట్ చేరి తీరం వెంట వెళితే వచ్చే చిన్న ఊరు అది. దాని మీద మౌంట్ హారియెట్ కొండ ఉంటుంది. 2021 నుంచి ఆ కొండను మౌంట్ మణిపూర్ అంటున్నారు. ద్వీపాంతర శిక్ష పడినవాళ్ల స్థావరాల్లో హోప్ టౌన్ ఒకటి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో రోజంతా ఖైదీల స్థావరాలు చూసి, పొద్దువాలే వేళకు ఆ కొండ ఎక్కాడు. జబ్బుపడినవాళ్లకు గాలి మార్పు కోసం పైన ఆరోగ్య కేంద్రం కట్టవచ్చేమో చూడాలన్నది అతని ఉద్దేశం. అక్కడే కూర్చుని సూర్యాస్తమయం చూశాడు. చీకటి పడ్డాక కాగడాల వెలుగులో దిగివచ్చి హోప్ టౌన్ రేవులో పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. షేర్ అలీ అదే స్థావరంలో మంగలి పని చేసేవాడు. మార్చి 11న వైపర్ దీవిలో అతన్ని ఉరితీశారు.

చరిత్ర పుస్తకాలు దీన్ని వైస్రాయ్ హత్యగా చెబుతాయి. సేవాయాత్రికుడు ఇందులో గమనించవలసినది వేరు. కొండ మీదినుంచి కనిపించిన సముద్రం పాలకుడికి సేద తీర్చింది. కొండ కింద ఉన్నవాడిని ఇంటికి వెళ్లనివ్వని కాలాపానీ కూడా అదే సముద్రం. మేయో మిషనరీ కాడు, సూర్యాస్తమయం చూడడం నేరమూ కాదు. అయినా ఒక చోటి అందాన్ని వచ్చిపోయేవాడు చూసే తీరు, అక్కడ ఉండిపోక తప్పనివాడు చూసే తీరు ఒకటి కావని ఆ సాయంత్రం గట్టిగా గుర్తుచేస్తుంది. నేటి సేవాయాత్రికుడు కూడా వచ్చిపోయేవాడే. తిరుగు ప్రయాణం టికెట్ అతని సంచిలో ఉంటుంది. అతని హాయిలో కొంత భాగం ఆ టికెట్ ఇచ్చినదే.

తెలుగువారికి ఈ దీవులు బొత్తిగా పరాయివి కావు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల జనంలో దాదాపు 13 శాతం తెలుగును మాతృభాషగా చెప్పారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. విశాఖపట్నం నుంచి ఓడ కూడా ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేకపోయినా, నీళ్లు దాటి మరో భాషలోకి, మరో తిండిలోకి అడుగుపెట్టడమైతే తప్పదు.

వెళ్లినవాడు ఎలా ఉండాలన్నదానిపై గ్రంథాల మాట విచిత్రంగా ఉంటుంది. మన సంప్రదాయం ఆతిథ్యం ఇచ్చేవాడి ధర్మం గురించి ఎక్కువ చెప్పింది. అతిథిని దేవుడిగా చూడమన్న తైత్తిరీయోపనిషత్తు మాట ఊరూరా వినిపిస్తుంది. అతిథిగా వెళ్లినవాడు ఎలా మసలుకోవాలన్నది మాత్రం సన్యాసి నియమాల్లో వెతుక్కోవాలి. భిక్షలో పడిందే తినాలి, రుచి ఎంచకూడదు, ఒక చోటే పాతుకుపోకూడదు. లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు తన శిష్యులను ఇద్దరిద్దరుగా పంపుతూ చెప్పిన జాగ్రత్తలు వీటికి చాలా దగ్గరగా ఉంటాయి. సంచి, జోడు వద్దు. చేర్చుకున్న ఇంట్లోనే ఉండాలి, ఇల్లిల్లూ మారకూడదు. పెట్టింది తినాలి. పైకి రెండూ ఒకే క్రమశిక్షణ. లోపల దారులు మాత్రం వేరు. సన్యాసి రుచి ఎంచనిది అంటకుండా ఉండడానికి. శిష్యుడు పెట్టింది తినేది ఆ ఇంటికి అంటుకోవడానికి. ఒకే ఇంట్లో ఉండమన్న నియమంలోనే సేవాయాత్ర ధర్మమంతా ఉందని చెప్పవచ్చు. మరో ఇంట్లో మంచి కూర వండారని తెలిసినా, మొదట తలుపు తీసినవాళ్లను వదిలి వెళ్లకూడదు.

తిని, తాగి, తన కష్టంలో సుఖం చూడడం దేవుడిచ్చిన వరమని ప్రసంగి గ్రంథం పదేపదే అంటుంది. భగవద్గీత ఆరో అధ్యాయం తిండిలో, విహారంలో, పనిలో, నిద్రలో మితం పాటించేవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందంటుంది. ఒళ్లు హింసించుకోవడం పుణ్యమని ఈ రెండిట్లో ఏదీ చెప్పలేదు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఎవాగ్రియస్ మరో ప్రమాదం గుర్తించాడు. మిట్టమధ్యాహ్నం ముని మనసును నిస్పృహ కమ్ముతుందని, పొద్దు కదలనట్టు అనిపిస్తుందని, చేస్తున్న పనీ ఉన్న చోటూ అసహ్యమవుతాయని రాశాడు. పరాయి ఊళ్లో రెండో వారం గడిచాక వాలంటీర్లలో చాలామందికి ఇది అనుభవమే. సంతోషాన్ని తప్పుగా భావించి దూరం పెట్టినవాడు ఈ నిస్పృహకు తొందరగా చిక్కుతాడు.

ఈ దీవుల చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. డెన్మార్క్ వలస యత్నంతో పాటు 1768లో మొరావియన్ సోదరులు నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరీలో మకాం వేశారు. జ్వరాలు వాళ్లను వెంటాడాయి. కొందరు అక్కడే మట్టిలో కలిసిపోయారు, మరికొందరు తరంగంబాడికి తిరిగొచ్చి కన్నుమూశారు. 1787లో మిషన్ మూతపడింది. ఆ లెక్కన అది విఫలయత్నమే. అక్కడ ఏళ్ల తరబడి ఉండి ప్రాణాలతో బయటపడిన యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెన్సెల్ తన జ్ఞాపకాలను లేఖలుగా రాయగా, అవి 1812లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆ లేఖల్లో రోగాలు, చావులు, భాష పట్టుబడని బాధ అన్నీ ఉన్నాయి. వాటి నడుమ గవ్వలు ఏరడం, పాములను పట్టి పరిశీలించడం లాంటివీ ఉన్నాయి. తీరం వెంట తిరుగుతూ చీకటిపడితే ఏం చేసేవాడో కూడా రాశాడు. మెత్తటి తెల్ల ఇసుకలో గుంత తవ్వి, తలవైపు ఇసుకను దిండులా ఎత్తు చేసి, మెడదాకా ఇసుక కప్పుకుని పడుకునేవాడట. కుక్క అతని ఒంటి మీద అడ్డంగా పడుకుని, ఏదైనా అలికిడైతే లేపడానికి సిద్ధంగా ఉండేదట.

ఆ ఇసుక పడకను లోకులు విలాసమనరు, త్యాగమనీ అనరు. పని మధ్యలో ఆ నేల ఇచ్చినదాన్ని తీసుకోవడం అది. తోటివాళ్లను వరసగా పాతిపెట్టిన మనిషి, పాతికేళ్లు దాటాక కూడా, ఇసుక ఎంత మెత్తగా ఉండేదో మరిచిపోలేదు. ఆ ఏళ్లపాటు అతన్ని నిలబెట్టినవాటిలో ఇలాంటివీ ఉండి ఉంటాయని నమ్మడానికి ఇది చాలు.

దీనికి ఎదురుగా ఉండేది మరో రకం హాయి. మదురై అమెరికన్ మిషనరీలు 1845లో కొడైకెనాల్‌లో ఇళ్లు కట్టుకున్నారు. మైదానంలో కలరా, జ్వరాలు బిడ్డలను పొట్టనపెట్టుకుంటున్న రోజులు కాబట్టి అందులో ప్రాణభయం ఉంది, దాన్ని తప్పుపట్టలేం. కానీ దొరలు ఎండాకాలం కొండ ఎక్కడం, ఊళ్లో ఉన్నప్పుడు కాంపౌండు గోడ లోపల బంగళాలో ఉండడం అలవాటయ్యాక వాళ్ల సంతోషం ఒక చోట, వాళ్ల సేవ మరో చోట అయిపోయాయి. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య నిలదీసింది దీన్నే. మిషనరీలు త్యాగం చేశారని, ప్రాణాలిచ్చారని ఆయన కాదనలేదు. ఇన్ని చేసి స్నేహం మాత్రం ఇవ్వలేదన్నాడు. ఒక బల్ల దగ్గర కూర్చోని, ఇంటికి పిలిచి మర్యాద చేయని సేవను కానుకగా తీసుకోవడం కష్టమని నిండు సభలో చెప్పాడు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

ఆ మాటలు అనేనాటికి అజరయ్య కూడా పరాయి నేల మీదే ఉన్నాడు. తిరునల్వేలి తమిళుడైన ఆయన, 1903లో తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లో ఒకడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మకాం మార్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి స్తంభాల పోలికా, మసీదు గుమ్మటాల పోలికా కనిపిస్తాయి. ఇక్కడివాళ్లకు కంటికింపైనది ఏదో తెలిసి, తనకూ ఇంపైతే తప్ప అలాంటి కట్టడం కట్టించలేరు. పంట పండుగలకు, భజనలకు ఆరాధనలో చోటివ్వడం కూడా అంతే.

తెలుగువాళ్లు ఇతర దేశానికి మిషనరీని పంపిన సంగతి ఇంకా తక్కువమందికి గుర్తుంది. 1840లో శామ్యూల్ డే వచ్చి స్థిరపడిన నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషన్, ఒక్కటే మిగిలిన చుక్క అన్న అర్థంలో లోన్ స్టార్ మిషన్ అనిపించుకుంది. అదే ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో తమ హోమ్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు చేరిన లక్షా యాభై వేలకు పైగా భారతీయుల్లో తెలుగువాళ్లు చాలామంది. రంగయ్య కియర్స్నీ తేయాకు తోటలో 1903 చివర్లో తెలుగు సంఘం నెలకొల్పాడు. 1915లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

తోట కూలీకి పగలు తనది కాదు. రాత్రి, ఆదివారం మాత్రమే తనవి. కాబట్టి రంగయ్య లాంటివాడి పని కూలీల పనివేళల్లో సాగేది కాదు, వాళ్ల తీరిక వేళల్లో సాగవలసిందే. అన్నం తిని, కాసేపు కూర్చుని, కీర్తన ఎత్తుకునే వేళ అది. పురుషోత్తమ చౌదరి నుంచి వస్తున్న తెలుగు క్రైస్తవ కీర్తనల సంప్రదాయం కర్ణాటక రాగాల్లో, దేశీ బాణీల్లో నడుస్తుంది. కంపెనీ రికార్డులో ఒక నంబరుగా మిగిలిన మనిషికి సొంత భాషలో గొంతెత్తి పాడుకోవడం ఎంత సంతోషమో చెప్పనక్కర్లేదు. ఇక్కడ సేవ, సంతోషం విడదీయడానికి వీలు కాదు. ఆ పాటలో మనస్ఫూర్తిగా గొంతు కలపనివాడు వాళ్లకు పాస్టరు కాలేడు.

అందరికీ ఇది ఒకేలా కుదరదు. 1913లో గాబన్‌లోని లంబరేనేకు వైద్యం చేయడానికి వెళ్లిన ఆల్బర్ట్ ష్వైట్జర్‌కు ప్యారిస్ బాఖ్ సొసైటీ ఉష్ణమండల వాతావరణానికి తట్టుకునే పియానో ఇచ్చింది. ఆర్గన్‌కు ఉన్నట్టు దానికి కాళ్లతో తొక్కే మెట్లు కూడా ఉండేవి. రోగులను చూసి అలసిపోయాక అతను దాని మీద బాఖ్ సంగీతం సాధన చేసేవాడు. ఇది చుట్టూ ఉన్నవాళ్లతో పంచుకున్న ఆనందం కాదు, సొంత ఇంటిని వెంట తెచ్చుకోవడం. ఆఫ్రికన్లను సమానులుగా చూడలేదన్న విమర్శ ష్వైట్జర్‌పై గట్టిగానే ఉంది. అయినా ఏకాంతంలో తనకు తాను మిగుల్చుకున్న ఆ గంటను తప్పు అనలేం. పరాయి భాషలో రోజంతా నెట్టుకొచ్చినవాడికి సొంత భాషలో ఒక పుస్తకమో, ఇంటికి ఒక ఫోనో, ఆవకాయ ముక్కో కావలసే ఉంటుంది. కాకపోతే వాలంటీర్ల బృందమంతా ప్రతి సాయంత్రం ఆవకాయ సీసా చుట్టూ చేరి, ఊళ్లోవాళ్ల వైపు వీపు తిప్పితే అది మళ్లీ కాంపౌండు గోడే అవుతుంది.

ఆతిథ్యం ఇచ్చేవాళ్ల సమ్మతి లేనిచోట పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అండమాన్ దీవులకు ఈ పాఠం రెండుసార్లు ఎదురైంది. శ్రీ విజయపురంలో జనం ఈతకు వెళ్లే కార్బిన్స్ కోవ్ తీరానికి పేరు తెచ్చిన హెన్రీ కార్బిన్ ఖైదీల స్థావరంలో చాప్లెయిన్. 1863లో రాస్ దీవిలో అతని ఆధ్వర్యంలో అండమాన్ హోమ్ మొదలైంది. గ్రేట్ అండమానీలకు తిండి, బట్ట, ఇంగ్లీషు చదువు ఇవ్వాలన్నది ఆలోచన. ఇష్టం వచ్చినప్పుడు వెళ్లిపోయే స్వేచ్ఛ లేకుండా వాళ్లను అక్కడ ఉంచారు. అతిథిగా రావలసినవాడు ఇంటివాళ్లను తన ఇంట్లో బందీలను చేశాడన్నమాట. తర్వాతి ఏళ్లలో ఇలాంటి స్థావరాల ద్వారా పాకిన జబ్బులు, ముఖ్యంగా 1877 నాటి తట్టు, ఆ జాతిని కోలుకోలేని దెబ్బ తీశాయి. కార్బిన్ మనసు మంచిదేనని కొందరు చరిత్రకారులు వాదించవచ్చు. ఆ హోమ్‌లో ఉన్నవాళ్లకు దానివల్ల ఒరిగింది లేదు.

రెండోది 2018 నవంబర్‌లో. జాన్ అలెన్ చౌ అనే అమెరికన్ యువకుడు సువార్త చెప్పాలని నార్త్ సెంటినెల్ దీవికి వెళ్లి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధనల ప్రకారం ఆ దీవికి ఎవరూ వెళ్లకూడదు. బయటివాళ్ల జలుబు కూడా ఆ చిన్న సమూహానికి ప్రాణాంతకం కావచ్చు. అతన్ని పడవలో తీసుకెళ్లిన మత్స్యకారులు అరెస్టయ్యారు. సెంటినెలీలు బాణాలతో తమ జవాబు ముందే చెప్పారు. చేర్చుకోని ఊరు కనబడితే కాళ్ల దుమ్ము దులిపి వెళ్లిపొమ్మని లూకా సువార్తలోని అదే అధ్యాయం చెబుతుంది. సరిగ్గా ఆ మాట పాటిస్తే చాలు. పర్యాటక వీసాపై వచ్చి మతప్రచారం చేయడం భారతీయ చట్టం ఒప్పుకోదన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

సమ్మతి ఉన్న చోట సంతోషం ఒక తెలివి కూడా అవుతుంది. ఎదుటివాళ్లకు ఏది ఇష్టమో తెలియనివాడు వాళ్లకు ఏది మేలో చెప్పలేడు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత నికోబార్ దీవుల్లో నిరాశ్రయులకు రేకులతో తాత్కాలిక షెడ్లు కట్టారు. మధ్యాహ్నానికి రేకు కాలిపోయేది. నేల నుంచి ఎత్తున గుంజల మీద, గడ్డితో గుండ్రంగా కట్టుకుని, గాలి ఆడే ఇళ్లలో ఉండేవాళ్లకు ఆ వరస షెడ్లు ఇళ్లనిపించలేదు. కార్ నికోబార్‌లో ఇల్లంటే పైన కుటుంబం, కింద నీడలో ముచ్చట్లు. బతుకంటే పందుల విందులు, హోడీ పడవల పందేలు. ఆ నీడలో ఒక మధ్యాహ్నం కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాడు, పందెంలో పడవను చూసి కేక వేసినవాడు రేకుల షెడ్డు వద్దని ముందే చెప్పి ఉండేవాడు. తీరికగా కూర్చోవడాన్ని కాలహరణం అనుకునేవాడు నష్టాల జాబితా మాత్రం రాసుకుని వెళ్లిపోతాడు.

కార్ నికోబార్‌లోనే దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. 1890లలో వేదప్పన్ సోలొమన్ అనే తమిళ ఉపదేశకుడు మూస్ గ్రామంలో బడి నడిపాడు. ఆ బడిలో చదివిన నికోబారీ బాలుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదువు ముగించి తిరిగొచ్చి, తన వాళ్ల మధ్యే బతికి, 1950లో బిషప్ అయ్యాడు. కొత్త నిబంధనను నికోబారీలోకి తెచ్చాడు, 1952లో తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. డెన్మార్క్ కాలంలో జ్వరాలకు ఆగిపోయిన పనిని చివరికి ఆ నేల మీద పుట్టి, ఆ తిండి తిని పెరిగినవాడు పూర్తిచేశాడు.

రెండు వారాల యాత్రలకు ఇంత లోతు రాదు. వచ్చిందని నటించడం కూడా మంచిది కాదు. విమానం టికెట్ల డబ్బుతో అక్కడి మేస్త్రీకే పని ఇస్తే గోడ ఇంకా బాగా లేస్తుందన్న వాదన చాలా సందర్భాల్లో నిజం. దానికి సంతోషం సమాధానం కాదు. యాత్ర వల్ల యాత్రికుడికి మేలు ఎక్కువ జరిగిందనిపిస్తే, ఆ మేలును యాత్రికుడి ఖాతాలోనే రాసుకోవాలి, చందా ఇచ్చినవాళ్లకూ అలాగే చెప్పాలి. ఊళ్లోవాళ్లు కూరలు కొనడానికి అప్పు చేసి విందు పెట్టారేమో కనుక్కోవాలి. వండినవాళ్లతో కలిసి అంట్లు తోమాలి. పిల్లల ఫొటో తీసేముందు తల్లిని అడగాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు దిగని నీళ్లలో వాలంటీర్ దిగేముందు ఎందుకు దిగడం లేదో తెలుసుకోవాలి.

తిరిగివచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పే రోజున ఈ సంగతులు సాధారణంగా బయటికి రావు. కష్టాలు, కన్నీళ్లు, గోడల కొలతలు చెబుతారు. ఎవరి వసారాలో కూర్చుని ఏం తిన్నారో, ఏ మాటకు అందరూ కలిసి నవ్వారో చెప్పడానికి సిగ్గుపడతారు. అలా దాచిపెట్టినప్పుడు వినేవాళ్ల కళ్లకు అవతలివాళ్లు లేమితోనే మిగిలిపోతారు. వాళ్లకూ వంట, పాట, పందెం, పరిహాసం ఉన్నాయన్నది ఈ ఒడ్డుకు చేరదు. మళ్లీ వెళ్లబోయే బృందం కూడా మందుల పెట్టెతో పాటు ఆ తప్పు అంచనానూ మోసుకెళుతుంది.